పాత డీజిల్ పికప్ కొనే ముందు: మీటరు చెప్పని చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

సంక్షిప్తంగా

డీజిల్ ఇంజిన్‌లో బ్లాక్, క్రాంక్ లక్షల కిలోమీటర్లు ఓర్చుకుంటాయి. పాత పికప్ కొన్నవారిని దెబ్బతీసేవి ఎక్కువగా వాటి చుట్టూ బిగించిన భాగాలు: డీజిల్ పంపు, ఇంజెక్టర్లు, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ దారి, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో, పొగను శుభ్రపరిచే పరికరాలు, వీటన్నిటినీ మోసే ఛాసిస్. వీటి ఆయుష్షు మీటరు మీది అంకె మీద కంటే బండి మోసిన బరువు, నిలబడి ఆడిన గంటలు, ట్యాంకులో పడిన డీజిల్ శుభ్రత మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే పరీక్ష చల్లటి ఇంజిన్ దగ్గర మొదలు కావాలి, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లోని అంకెలు చూశాక ఛాసిస్ కిందికి వెళ్లాలి.

ఒకే మీటరు, రెండు జీవితాలు

రెండు పికప్‌లు అమ్మకానికి ఉన్నాయనుకుందాం. రెండింటి మీటరూ 1,80,000 కిలోమీటర్లే చూపిస్తోంది. మొదటిది హైవేల మీద సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తిరిగింది, అంటే దాని ఇంజిన్ 3,000 గంటలు పనిచేసింది. రెండోది పని స్థలాల్లో తిరుగుతూ ఆగుతూ, ఏసీ కోసమో పనిముట్ల కోసమో ఇంజిన్ ఆపకుండా నిలబడుతూ సగటున 20 కిలోమీటర్ల వేగంతో గడిపింది. దాని ఇంజిన్ పనిచేసింది 9,000 గంటలు. మీటరు ఒకటే, ఇంజిన్ పనిచేసిన గంటలు మూడింతలు.

నిలబడి ఆడే ఇంజిన్‌కు శ్రమ లేదనుకోవడం పొరపాటు. ఐడిల్‌లో సిలిండర్లు తగినంత వేడెక్కవు. డీజిల్ పూర్తిగా మండక కొంత గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. గ్యాస్ ఒత్తిడి తక్కువ కాబట్టి పిస్టన్ రింగులు గోడకు గట్టిగా అదుముకోవు. మసి ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే) వాల్వులో, టర్బో రెక్కల మధ్య పేరుకుంటుంది. కొన్ని తయారీ సంస్థలు తమ సర్వీసు లెక్కల్లో ఒక గంట ఐడిల్‌ను సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణంతో సమానంగా చూడమంటాయి.

చాలా పికప్‌లలో ఇంజిన్ గంటలు డ్యాష్‌బోర్డ్ మెనూలో కనిపిస్తాయి. లేకపోతే స్కానర్ పెట్టి చూడవచ్చు. కిలోమీటర్లను గంటలతో భాగిస్తే వచ్చే సగటు వేగం ఆ బండి గురించి దొరికే అతి విలువైన అంకెల్లో ఒకటి. 40 పైన ఉంటే బండి ఎక్కువగా రోడ్ల మీదే తిరిగిందని అర్థం. 25 కంటే తగ్గితే మీటరు అంకె ఎంత చిన్నదైనా జాగ్రత్త పడాలి.

మీటరు వెనక్కి తిప్పారేమో తేల్చుకోవడానికీ ఇదే లెక్క పనికొస్తుంది. ఏబీఎస్, గేర్‌బాక్స్ వంటి ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ కొన్ని బండ్లు కిలోమీటర్లను దాచుకుంటాయి. డ్యాష్‌బోర్డ్ అంకె మార్చినవారు వాటన్నిటినీ మార్చడం అరుదు. పెడల్ రబ్బరు అరిగి లోహం తేలినా, డ్రైవర్ సీటు అంచు నలిగినా, మీటరు మాత్రం 70,000 అంటుంటే ఆ రెండింట్లో సీటునే నమ్మాలి.

ఏ తరం ఇంజిన్‌కు ఆ తరం జబ్బు

పాత డీజిల్ పికప్‌లన్నీ ఒకే రకం కావు. పూర్తిగా మెకానికల్ పంపుతో నడిచే పాత ఇంజిన్లు మొదటి రకం. వీటిలో పొగ ఎక్కువ, చప్పుడు ఎక్కువ, కానీ చెడేవి తక్కువ. చెడినా పంపు విప్పి బాగుచేసేవాళ్లు దొరుకుతారు. వయసు వల్ల వచ్చే తుప్పు, లీకులు, ఎండిన హోస్‌లే అక్కడ ప్రధాన సమస్య.

1990ల చివర్లో వచ్చిన కామన్ రైల్ ఇంజిన్లు రెండో రకం. వీటిలో ఒకే గొట్టం (రైల్) అధిక ఒత్తిడిలో ఉన్న డీజిల్‌ను అన్ని ఇంజెక్టర్లకూ పంచుతుంది. మొదట్లో సుమారు 1,350 బార్ ఉన్న ఇంధన ఒత్తిడి ఇప్పటి ఇంజిన్లలో 2,000 నుంచి 2,500 బార్ దాకా చేరింది. అంత ఒత్తిడి నిలవాలంటే పంపులో, ఇంజెక్టర్‌లో భాగాల మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లకు మించకూడదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. దాన్నిబట్టి డీజిల్‌లో కంటికి కనిపించని ధూళి, ఒక చుక్క నీరు ఏం చేయగలవో ఊహించవచ్చు.

కామన్ రైల్‌కు డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్), ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది), యూరియా ద్రవంతో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఎస్‌సీఆర్ జతపడ్డవి మూడో రకం. అమెరికాలో 2007 నుంచి డీపీఎఫ్, 2010 తర్వాత ఎస్‌సీఆర్ ఇలా వచ్చాయి. ఐరోపాలో యూరో 5, యూరో 6 ప్రమాణాలు అదే పని చేశాయి. వీటిలో ఇంజిన్ కంటే ముందు పొగ పరికరాలే మొరాయిస్తాయి. అందువల్ల కొనేవారు ముందు తేల్చుకోవలసింది తమ వాడకం. రోజూ ఐదు పది కిలోమీటర్లు తిరిగి ఆపేసేవారికి మూడో రకం బండి ఎంత మంచి స్థితిలో దొరికినా ఇబ్బందే పెడుతుంది.

చల్లటి ఇంజిన్ అబద్ధం చెప్పదు

బండి చూడటానికి వెళ్లే ముందు అమ్మేవారిని ఒక్కటే కోరాలి: తాము వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని. అక్కడికి చేరాక మొదట బానెట్ ఎత్తి, రేడియేటర్ హోస్ మీద, ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే పరీక్ష మరో ఉదయానికి వాయిదా వేసుకోవడం మంచిది. వేడి ఇంజిన్ చాలా లోపాలను కప్పిపుచ్చుతుంది. కంప్రెషన్ తగ్గిన సిలిండర్, కారుతున్న ఇంజెక్టర్, పనిచేయని గ్లో ప్లగ్ (స్టార్టింగ్ కోసం సిలిండర్‌ను వేడిచేసేది), లైన్‌లో గాలి పట్టడం, ఇవన్నీ రాత్రంతా ఆగిన ఇంజిన్‌లోనే బయటపడతాయి.

స్టార్ట్ చేయకముందే రేడియేటర్ పై హోస్‌ను నొక్కాలి. రాత్రంతా చల్లారిన బండిలో అది మెత్తగా ఉండాలి. గాలి నింపినట్టు గట్టిగా ఉంటే సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి తోసుకొస్తోందన్న అనుమానం బలపడుతుంది. తర్వాత ఆయిల్ పుల్ల తీయాలి. డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొద్దిసేపటికే నల్లబడుతుంది కాబట్టి రంగు చూసి తీర్పు చెప్పలేం. చూడవలసింది మట్టం. పై గీత దాటి ఉంటే డీజిలో కూలెంటో ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. పుల్లను వాసన చూస్తే డీజిల్ ఘాటు తెలుస్తుంది. డీజిల్ కలిసి పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. మట్టం మరీ పెరిగితే ఆ ఆయిల్ ఊపిరి గొట్టం గుండా ఇన్‌టేక్‌లోకి చేరి ఇంజిన్ దానంతటదే రేసు అయ్యే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు తాళం తీసినా ఇంజిన్ ఆగదు.

ఇక స్టార్ట్. గ్లో ప్లగ్ దీపం ఆరాక సెల్ఫ్ కొట్టాలి. ఆరోగ్యంగా ఉన్న కామన్ రైల్ ఇంజిన్ ఒకటి రెండు సెకన్లలో అందుకుంటుంది. రైల్‌లో తగినంత ఒత్తిడి, చాలా ఇంజిన్లలో సుమారు 200 బార్, చేరితేనే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంజెక్టర్లను తెరవనిస్తుంది. ఐదారు సెకన్లు తిప్పితే గాని అందుకోకపోతే మూడు కారణాలు ఉండవచ్చు: అరిగిన ఇంజెక్టర్లు ఒత్తిడిని రిటర్న్ లైన్‌లోకి (మిగులు డీజిల్ ట్యాంకుకు తిరిగి వెళ్లే దారి) వదిలేయడం, ట్యాంకు నుంచి వచ్చే లైన్‌లో గాలి దూరడం, లేదా పంపే బలహీనపడటం. మొదటిదీ మూడోదీ ఖరీదైన మరమ్మతులు. రెండోది ఒక క్లిప్పుతోనో వాషర్‌తోనో తీరిపోవచ్చు. ఏది నిజమో కొనకముందే తేలాలి.

స్టార్ట్ అయ్యాక మొదటి నిమిషం మాట్లాడకుండా వినాలి. చల్లటి డీజిల్‌కు కొంత టకటక సహజం. అది అన్ని సిలిండర్లలో సమానంగా, లయగా ఉండాలి. ఒక్క సిలిండర్ మాత్రమే సుత్తితో కొట్టినట్టు వేరుగా వినిపిస్తే ఆ ఇంజెక్టర్ అనుమానితం. ముందు వైపు నుంచి గొలుసు ఊగిన గరగర రెండు మూడు సెకన్లకు మించి వస్తే వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చైన్ సాగిందో, టెన్షనర్ వదులైందో చూడాలి. బెల్టుతో నడిచే ఇంజిన్ అయితే చప్పుడు ముందస్తు హెచ్చరిక ఇవ్వదు. ఎప్పుడు మార్చారన్నదానికి రసీదు లేకపోతే మార్చలేదనే లెక్కవేసుకుని ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి.

పొగ రంగు, ఊపిరి బలం

తెల్ల పొగ అంటే మండని డీజిల్ గాని ఆవిరి గాని. చలిలో కొన్ని సెకన్లు వచ్చి ఆగితే పట్టించుకోనక్కర్లేదు. కళ్లు మండించే డీజిల్ వాసనతో ఆగకుండా వస్తే గ్లో ప్లగ్‌నో, కంప్రెషన్‌నో, ఇంజెక్టర్‌నో అనుమానించాలి. తియ్యటి వాసనతో ఇంజిన్ వేడెక్కాక కూడా వస్తే అది కూలెంట్. నీలి పొగ ఆయిల్ మండుతోందని చెబుతుంది. స్టార్టింగ్‌లో ఒక్కసారి వస్తే వాల్వ్ సీల్స్, రేసు ఇచ్చినప్పుడల్లా వస్తే టర్బో సీల్ లేదా రింగులు. నల్ల పొగ గాలి చాలలేదనడానికి గుర్తు. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ హోస్ చీలడం, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, ఈజీఆర్ తెరుచుకుని ఇరుక్కోవడం దీనికి మామూలు కారణాలు.

నల్ల పొగ పాఠం డీపీఎఫ్ ఉన్న బండికి వర్తించదు. మంచి ఫిల్టర్ మసినంతా పట్టేస్తుంది కాబట్టి ఇంజిన్ ఎంత చెడినా నల్ల పొగ కనపడకపోవచ్చు. అలాంటి బండిలో సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి చూడాలి. వేలికి నల్లగా మసి అంటితే ఫిల్టర్ లోపల పగిలిందో, తీసేశారో తేల్చుకోవాలి.

రింగుల స్థితి తెలుసుకోవడానికి మెకానిక్‌లు చేసే సులువైన పని ఆయిల్ మూత పరీక్ష. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో మూత విప్పి దాని చోటే తలకిందులుగా ఆనించి వదలాలి. కాస్త కదిలితే ఫరవాలేదు. ఎగిరి పక్కన పడితే, రంధ్రంలోంచి రైలింజిన్‌లా పొగ గుప్పుగుప్పున వస్తే గ్యాస్ రింగులు దాటి కిందికి వస్తోంది. మూత వాల్వులను తెరిచే రాకర్ ఆర్మ్‌ల మీదే ఉండే ఇంజిన్లలో ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది, వాటి కదలికే గాలి కొడుతుంది. అలాంటప్పుడు ఆయిల్ పుల్ల గొట్టం దగ్గర చూడాలి. అనుమానం మిగిలితే కంప్రెషన్ కొలిపించడమే దారి. చాలా డీజిల్ ఇంజిన్లు 25 నుంచి 35 బార్ మధ్య చూపిస్తాయి. అంకె ఎంతన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం దాటకపోవడం ముఖ్యం.

డీజిల్ దారి: ఖరీదైన జబ్బులకు పుట్టిల్లు

ఇంజెక్టర్ల పరిస్థితిని విప్పకుండా తెలుసుకునే మార్గం స్కానర్‌లోని కరెక్షన్ అంకెలు. ఇంజిన్ సమంగా తిరగడానికి ఈసీయూ ఒక్కో సిలిండర్‌కు ఎంత డీజిల్ కలపాల్సి వస్తోందో, ఎంత తగ్గించాల్సి వస్తోందో అవి ఘన మిల్లీమీటర్లలో చూపిస్తాయి. వేడి ఇంజిన్ ఐడిల్‌లో చాలా బండ్లకు అవి సున్నాకు రెండు అటూ ఇటూ ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. నాలుగు దాటితే ఆ ఇంజెక్టర్ మీద గుర్తు పెట్టుకోవాలి. అనుమతించే హద్దు మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఆ బండి సర్వీసు మాన్యువల్‌తో పోల్చాలి. కరెక్షన్ తేడా వచ్చినంత మాత్రాన ఇంజెక్టరే దోషి కాదు, ఆ సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గినా అలాగే చూపిస్తుంది.

రెండో పరీక్ష రిటర్న్ కొలత. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ గొట్టానికి ఒక్కో చిన్న సీసా తగిలించి రెండు నిమిషాలు ఇంజిన్ నడిపితే ఏది ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో కంటికి కనిపిస్తుంది. మిగతావాటికి రెండింతలు వదిలేది అరిగిపోయినట్టే.

ఇంజెక్టర్ కింద ఉండే రాగి వాషర్ చిన్న భాగమే గాని అది చేసే నష్టం పెద్దది. వాషర్ దగ్గర లీకైతే మండిన గ్యాస్, మసి వాల్వ్ కవర్ లోపలికి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి చేరతాయి. మసి ముద్దకట్టి సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టె)లోని జాలీని మూసేస్తే ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, బేరింగులు పట్టేస్తాయి. టయోటా హైలక్స్‌లో వాడిన 3.0 లీటర్ల 1కేడీ ఇంజిన్ ఈ జబ్బుకు బాగా పేరుపడింది. అలాంటి ఇంజిన్ కొనేటప్పుడు వాషర్లు మార్చిన దాఖలా అడగడం, వీలైతే సంప్ విప్పి జాలీ చూపించమనడం అతి జాగ్రత్త కాదు.

హై ప్రెషర్ పంపు విషయంలో అన్నిటికంటే భయపడవలసింది లోహపు పొడి. డీజిల్‌కు స్వతహాగా ఉండే జిడ్డే పంపుకు లూబ్రికేషన్. ఆ జిడ్డును కొలిచే ప్రయోగంలో అరుగుదల గుర్తు 460 మైక్రాన్లు దాటకూడదని ఐరోపా ప్రమాణం చెబుతుంది. అమెరికా ప్రమాణం 520 దాకా ఒప్పుకుంటుంది. బాష్ సీపీ4 రకం పంపులో రోలర్ ఉన్న ట్యాపెట్ తన గాడిలో పక్కకు తిరిగిపోతే క్యామ్‌ను గీరేస్తుంది. ఆ పొడి రైల్, ఇంజెక్టర్లు, రిటర్న్ లైన్, ట్యాంకు దాకా పాకుతుంది. అప్పుడు పంపు ఒక్కటి మారిస్తే చాలదు, డీజిల్ వ్యవస్థ మొత్తం మార్చాలి. 2011–2016 మధ్య జీఎం పికప్‌ల డ్యూరామాక్స్ ఎల్ఎంఎల్ ఇంజిన్‌లో, 2011 నుంచి ఫోర్డ్ 6.7 లీటర్ల ఇంజిన్‌లో ఈ పంపు రకం ఉంది. 2019–2020 రామ్ కమిన్స్ బండ్లను రీకాల్ చేసి సీపీ4 తీసి, పాత సీపీ3 రకం బిగించారు. కాబట్టి ఆ సంవత్సరాల రామ్ దొరికితే రీకాల్ పని జరిగిందో లేదో బండి నంబరుతో సరిచూడాలి.

పొడిని పట్టుకునే పద్ధతి కష్టమేమీ కాదు. డీజిల్ ఫిల్టర్ తీయించి, అందులోని డీజిల్‌ను తెల్లటి గిన్నెలో పోసి ఎండలో చూడాలి. గిన్నె కింద అయస్కాంతం తిప్పాలి. వెండి మెరుపు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయడమే మంచిది. అడుగున నీటి పొర కనిపిస్తే, ఫిల్టర్ మడతల్లో ఎర్రటి తుప్పు ఉంటే ఇంజెక్టర్లు కొంత నష్టపోయాయనే అనుకోవాలి. ఫిల్టర్ కొత్తగా తళతళలాడుతుంటే సంతోషపడకుండా పాతదాన్ని ఎప్పుడు, ఎందుకు మార్చారో అడగాలి.

కూలెంట్: నిశ్శబ్దంగా తగ్గిపోయే ద్రవం

బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గుతుంటే అది ఇంజిన్ లోపలికే పోతోంది. దారులు ప్రధానంగా రెండు: హెడ్ గాస్కెట్ (బ్లాక్‌కూ పైనుండే హెడ్‌కూ మధ్య సీలు), ఈజీఆర్ కూలర్. గాస్కెట్ తేల్చడానికి నీలి రంగు రసాయన పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా లాగితే, అందులో సిలిండర్ గ్యాస్ ఉన్నప్పుడు రంగు ఆకుపచ్చగానో పసుపుగానో మారుతుంది. ఐడిల్‌లో మారకపోవచ్చు. బరువుతో ఎత్తు ఎక్కించి వచ్చాక చేస్తేనే నిజం తెలుస్తుంది, ఎందుకంటే గాస్కెట్‌ను లేపేది బరువు లాగేటప్పటి సిలిండర్ ఒత్తిడి.

ఒక లోపం మరో లోపాన్ని ఎలా కంటుందో చెప్పడానికి ఫోర్డ్ 6.0 లీటర్ల పవర్‌స్ట్రోక్ (2003–2007) మంచి ఉదాహరణ. దానిలో కూలెంట్‌లోని మడ్డి ముందు ఆయిల్ కూలర్ సన్నటి దారులను మూసేస్తుంది. ఆయిల్ కూలర్ దాటి వెళ్లే కూలెంటే ఈజీఆర్ కూలర్‌కు చేరాలి. అది తగ్గడంతో ఈజీఆర్ కూలర్ మాడి పగులుతుంది. కూలెంట్ సిలిండర్లలోకి పోయి ఆవిరవుతుంది, ఒత్తిడి పెరిగి హెడ్ గాస్కెట్ లేస్తుంది. గాస్కెట్ మార్చి ఆయిల్ కూలర్‌ను వదిలేస్తే కథ మళ్లీ మొదలవుతుంది. ఈ ఇంజిన్‌ను పరీక్షించేవారు హైవే వేగంలో ఆయిల్, కూలెంట్ ఉష్ణోగ్రతల తేడా చూస్తారు. అది సుమారు 8 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆయిల్ కూలర్ మూసుకుంటోందని అర్థం. ఆ మోడల్ బాగుచేశామని చెప్పే అమ్మకందారును ఏ భాగాలు మార్చారో వరసగా అడగడం అందుకే అవసరం.

డీపీఎఫ్: మసి కాలుతుంది, బూడిద మిగులుతుంది

డీపీఎఫ్ పట్టిన మసిని సుమారు 600 డిగ్రీల వేడి దగ్గర కాల్చేస్తుంది. దాన్నే రీజనరేషన్ అంటారు. ఆ వేడి కోసం ఈసీయూ అదనపు డీజిల్ చిమ్ముతుంది. చాలా ఇంజిన్లలో ఇది సిలిండర్‌లోకే, ఆలస్యంగా పడుతుంది. మధ్యలో బండి ఆపేస్తే కాల్చే పని సగంలో ఆగుతుంది, చిమ్మిన డీజిల్‌లో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. చిన్న చిన్న ప్రయాణాల బండిలో ఆయిల్ మట్టం పెరగడానికి కారణం ఇదే.

మసి కాలినా ఇంజిన్ ఆయిల్‌లోని రసాయనాల బూడిద కాలదు. అది ఏళ్ల తరబడి పేరుకుని ఫిల్టర్‌లో చోటు తగ్గిస్తుంది. అందుకే పాత బండిలో రీజనరేషన్ల మధ్య దూరం క్రమంగా కుంచించుకుపోతుంది. స్కానర్‌లో సగటు రీజనరేషన్ దూరం 400–500 కిలోమీటర్లకు పైన ఉంటే ఫిల్టర్‌కు ఇంకా జీవం ఉంది. 100–150 కిలోమీటర్లకే మళ్లీ మళ్లీ కాల్చుకుంటుంటే బూడిద నిండిందో, ఇంజిన్ ఎక్కువ మసి తయారుచేస్తోందో తేల్చాలి. రెండో కారణమైతే కొత్త ఫిల్టర్ పెట్టినా కొన్నాళ్లకే నిండుతుంది. ఇంజెక్టరో, టర్బోనో, ఈజీఆరో ముందు బాగుపడాలి.

డిజైన్ వల్లే చెడిన డీపీఎఫ్‌లూ ఉన్నాయి. 2015 అక్టోబర్ నుంచి 2020 ఏప్రిల్ మధ్య ఆస్ట్రేలియాలో అమ్ముడైన 1జీడీ, 2జీడీ ఇంజిన్ల హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో బండ్ల డీపీఎఫ్ వ్యవహారం అక్కడి ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. ఇక్కడ యజమాని వాడకాన్ని తప్పుపట్టలేం, హైవే మీద క్రమంగా నడిపిన బండ్లలోనే ఫిల్టర్ సరిగా కాల్చుకోలేకపోయింది. ఇలాంటి మోడల్ కొనేటప్పుడు కంపెనీ తర్వాత ఇచ్చిన మార్పులు ఆ బండికి చేశారా అన్నదే ప్రశ్న.

డీపీఎఫ్ తీసేసి, ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చిన బండ్లు కూడా అమ్మకానికి వస్తాయి. చాలా దేశాల్లో ఇది చట్టవిరుద్ధం, తనిఖీలో బండి ఆగిపోతుంది. పైకి డబ్బా అలాగే ఉంచి లోపలి ఫిల్టర్‌ను పొడిచేసే పద్ధతి ఉంది కాబట్టి డబ్బా కనిపించడం సాక్ష్యం కాదు. డబ్బా మీద కొత్త వెల్డింగ్ గీత, గొట్టంలో మసి, రేసు ఇచ్చినా స్కానర్‌లో ఫిల్టర్ ముందూ వెనకా ఒత్తిడి తేడా సున్నా దగ్గరే కదలకుండా ఉండటం, ఈ మూడూ కలిస్తే సందేహం అక్కర్లేదు.

అమ్మకానికి ముందు హెచ్చరిక దీపాలను స్కానర్‌తో చెరిపేయడం మామూలు. దీన్ని పట్టుకోవడం తేలిక. లోపాల కోడ్‌లు చెరిపినప్పటి నుంచి బండి నడిచిన దూరం, ఇంజిన్ వేడెక్కిన సార్లు అన్న రెండు అంకెలను చవకైన ఓబీడీ పరికరం (చిన్న స్కానర్) కూడా చదవగలదు. అక్కడ 15 కిలోమీటర్లు అని కనిపిస్తే నిన్నో మొన్నో ఎవరో చెరిపారు. ఏ కోడ్ చెరిపారో అమ్మేవారు చెప్పలేకపోతే, బండిని వందో రెండొందలో కిలోమీటర్లు తిప్పాక మళ్లీ చదివించాలి.

బరువు వదిలిన గుర్తులు

పికప్ కింద దూరి చూడకుండా కొనడం కళ్లు మూసుకుని కొనడమే. లాడర్ ఛాసిస్ తుప్పు బయటి నుంచే కాదు, ఎక్కువగా పెట్టె ఆకారపు కమ్ముల లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. చిన్న సుత్తితో వెనక చక్రాల వంపు దగ్గర, కమాన్ పట్టీల బ్రాకెట్ల దగ్గర తట్టాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. కొత్తగా పూసిన దట్టమైన నల్ల రంగు అనుమానాన్ని తగ్గించకూడదు, పెంచాలి. నిస్సాన్ నవారా డీ22, డీ40 మోడళ్లలో తుప్పుపట్టిన ఛాసిస్ క్యాబిన్ వెనకే రెండు ముక్కలైన సంఘటనలు బ్రిటన్‌లో నమోదయ్యాయి.

వంగిన ఛాసిస్‌ది వేరే కథ. డబుల్ క్యాబ్ పికప్‌లో తొట్టెలో పెద్ద భాగం వెనక యాక్సిల్‌కు అవతల ఉంటుంది. అక్కడ బరువు, దానికి తోడు ట్రైలర్ ముక్కు బరువు పడితే క్యాబిన్ వెనక ఛాసిస్‌ను వంచే శక్తి పెరుగుతుంది. కమాన్ల మధ్య గాలి సంచులు బిగిస్తే వెనక భాగం పైకి లేచి బండి సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ కమాన్ రెండు చివర్ల మీద పంచుకోవలసిన బరువు ఒక్క బిందువు మీద పడుతుంది. పక్కనుంచి క్యాబిన్‌కూ తొట్టెకూ మధ్య సందు చూడాలి. పైన వెడల్పు, కింద ఇరుకు అయితే వెనక భాగం కుంగింది. అలాంటి బండిని నిఠారుగా చేయించడం కంటే వదిలేయడమే మేలు.

అదనంగా చేర్చిన కమాన్ పట్టీలు, సాగి చదునైన పట్టీలు, అరిగి మెరిసే టో బాల్, తొట్టె నేలలో భారీ హిచ్ బిగించిన రంధ్రాలు, అన్నీ బరువు లాగిన చరిత్రే. లాగడం నేరం కాదు, డీజిల్ పికప్ ఉన్నదే దానికి. కాకపోతే అలాంటి బండికి గేర్ ఆయిల్, కూలెంట్ ఎన్నిసార్లు మార్చారన్న రసీదులు ఇంజిన్ ఆయిల్ రసీదులంత ముఖ్యం. ఇంజిన్‌ను ట్యూన్ చేసి బరువు లాగించిన బండి మాత్రం వేరు. టర్బోకు ముందు ఎగ్జాస్ట్ వేడి సుమారు 700 డిగ్రీలు దాటి నిలకడగా ఉంటే అల్యూమినియం పిస్టన్లకు, టర్బోకు ముప్పు. డ్యాష్ మీద అదనపు మీటర్ల గుర్తులు, స్క్రూ రంధ్రాలు ట్యూనింగ్ జరిగిందని పట్టిస్తాయి.

గేర్లు, నాలుగు చక్రాల పట్టు

మాన్యువల్ బండిలో పై గేరులో తక్కువ వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. ఇంజిన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇంజిన్ ఆపేటప్పుడు గేర్‌బాక్స్ దగ్గర గణగణ వినిపిస్తే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ కుదుపులను మింగే జోడు చక్రం) వదులైంది. ఆటోమేటిక్‌లో 60–90 కిలోమీటర్ల వేగంలో, తక్కువ యాక్సిలరేటర్‌తో, గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు సన్నని వణుకు వస్తే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ అరుగుతోంది. గేర్ ఆయిల్ గోధుమరంగులో మాడు వాసన వేస్తే వణుకు కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ఫోర్‌వీల్‌ను మట్టి నేల మీద, లో రేంజ్‌తో సహా, వేసి చూడాలి. డిఫరెన్షియల్ ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే బండి నీళ్లలో ఈదింది. అప్పుడు వైరింగ్ కనెక్టర్లు కూడా విప్పి చూడాలి.

ఏ లోపానికి ఎంత బరువు ఇవ్వాలి

పరీక్ష ముగిసేసరికి ఏ పాత పికప్‌కైనా లోపాల జాబితా తయారవుతుంది. అన్నీ సమానం కావు. గ్లో ప్లగ్‌లు, చీలిన ఇంటర్‌కూలర్ హోస్, అరిగిన బుష్‌లు, చిన్న ఆయిల్ తడి, మార్చాల్సిన టైమింగ్ బెల్టు, ఇవన్నీ ఖర్చు ముందే లెక్కకట్టగలిగేవి. వీటిని ధరలో సర్దుకోవచ్చు. క్లచ్, ఫ్లైవీల్, ఒక్క ఇంజెక్టర్ కూడా ఈ వరసలోనివే, ఖర్చు పెద్దదే అయినా దానికి హద్దుంది.

హద్దు తెలియనివి వేరు. డీజిల్‌లో లోహపు పొడి, రాత్రంతా చల్లారినా గట్టిగానే ఉండే కూలెంట్ హోస్, గుప్పుగుప్పున ఊపిరి వదిలే ఇంజిన్, వంగిన లేదా తుప్పు తిన్న ఛాసిస్, అమ్మేవారు వివరించలేని చెరిపేసిన కోడ్‌లు. వీటిలో ఒక్కటి ఉన్నా ధర ఎంత తగ్గించినా కొనదగింది కాదు, ఎందుకంటే మరమ్మతు ఎక్కడ ఆగుతుందో ఏ మెకానిక్కూ ముందే చెప్పలేడు.

మధ్యలో తేలనివి కొన్ని మిగులుతాయి. వాటికి ఆయిల్ ల్యాబ్ పరీక్ష ఉంది. సుమారు 100 మిల్లీలీటర్ల ఆయిల్ నమూనా చాలు. ఇనుము పెరిగితే సిలిండర్, గేర్ల అరుగుదల, సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటిన దుమ్ము, సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్, డీజిల్ శాతం 5 దాకా వెళితే ఇంజెక్టర్ గాని రీజనరేషన్ గాని అని లెక్క. ఆయిల్ మార్చి ఎన్ని కిలోమీటర్లయిందో తెలియకపోతే ఈ అంకెలకు విలువ సగమే. కొత్తగా ఆయిల్ మార్చిన బండి అయితే కనీసం రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగిన తర్వాతి నమూనానే తీసుకోవాలి. అంతకాలం ఆగడం కుదరకపోతే మార్చి తీసిన పాత ఆయిల్ ఫిల్టర్‌ను అడిగి తీసుకుని, కోసి, కాగితపు మడతలను విప్పి చూడటం దానికి దగ్గరి ప్రత్యామ్నాయం.